నాలుగు పంక్చర్లు

మామయ్య తన చొక్కాలను పెట్టెలోంచి ఒక్కొక్కటే బయటికి తీస్తున్నారు.

తీసి విసిరేసినా బాగుండేది, కోపమని తెలిసేది. ఆయన అలా చెయ్యలేదు. మడత చెదరకుండా ఒకదాని మీద ఒకటి మంచం మీద పేర్చారు, దుకాణంలో కళ్లజోళ్ల డబ్బాలు పేర్చినంత శ్రద్ధగా.

అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె వెనక నేను, ప్రయాణానికని మడతపెట్టిన తువ్వాళ్లు పట్టుకుని, ముందుకి వెళ్లాలో వెనక్కి వెళ్లాలో తెలియక.

"ఇంకా పన్నెండు రోజులుంది ప్రయాణం," అంది అత్తయ్య.

"నీకుంది."

"టికెట్లు ఇద్దరికీ తీశాం."

"పక్క సీటు ఖాళీగా ఉంటే కాళ్లు చాపుకోవచ్చు. నీకు మోకాళ్ల నొప్పులు కూడానూ."

"అక్కకి ఏం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పకు. చెప్పకుండా ఉండటం నీకు బాగా వచ్చుగా."

అత్తయ్య ముక్కు పైభాగాన్ని రెండు వేళ్లతో నొక్కుకుంది. రెండు రోజులుగా అదే పని. తలనొప్పేమోనని అడిగితే లేదంటోంది.

"ఆ నీలం చొక్కా ఉంచండి," అంది. "అది నేను కొన్నది. నాతో వస్తుంది."

ఇంకో రోజైతే నేను పకపకా నవ్వేసేదాన్ని. మామయ్య నీలం చొక్కా చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగారు. తర్వాత దాన్ని కూడా మంచం మీది దొంతర మీదే పెట్టారు.

"అందుకేనా?" అన్నారు పెట్టె వైపే చూస్తూ. "ఏడాదిగా అక్క దగ్గరికి వెళదాం, అక్క దగ్గరికి వెళదాం అని నా చెవులు తినేసింది?"

"అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది."

"ఆ సైకిల్ షాపు వాళ్ల వీధి చివరే అన్నావుగా?"

"అది నలభై ఏళ్ల కిందటి మాట. నాకిప్పుడు యాభై ఆరు. అక్కడికి వెళ్లి ఏం చేస్తాననుకుంటున్నారు? టైర్లకి గాలి కొట్టిస్తానా?"

"నాకేం తెలుసు! ఇన్నేళ్లలో నాకు ఏం తెలిసిందని, ఇది తెలియడానికి?"

అత్తయ్య ఇంకేదో అనబోయి, నన్ను చూసి ఆగిపోయింది. నా చేతిలోంచి తువ్వాళ్లు తీసుకుని, సగం ఖాళీ అయిన పెట్టెలో పెట్టి, వంటగదిలోకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ భుజం తలుపుకి కొట్టుకుంది.

ఇదంతా నా వల్లే.

నాకు పెళ్లయి రెండు నెలలు. ఒకే కప్పులో రెండు బ్రష్షులు పక్కపక్కన ఆనుకుని ఉంటే, వాటిని చూసి కూడా నవ్వొచ్చే రోజులు. అందరూ నాలాగే ఆనందంగా ఉన్నారనీ, లేకపోతే కాస్త గిలిగింతలు పెడితే చాలుననీ అనుకునేదాన్ని. ఆదివారం వాన కురుస్తూ ఉంటే, నలుగురం టీ కప్పులు పట్టుకుని ముందుగదిలో కూర్చుంటే, ఆట మొదలుపెట్టింది నేనే. మొదటి ప్రేమ ఎవరో ప్రతివాళ్లూ చెప్పాలి. అబద్ధాలు చెల్లవు.

మా ఆయన ట్యూషన్ టీచర్ గారి అమ్మాయి అన్నాడు. ఆ అమ్మాయి తనని ఒక్కసారి చూసిందట, అదీ తన చొక్కా తిరగేసి వేసుకున్నందుకు. నేను మా లెక్కల మాస్టారి చేతిరాత అన్నాను. మామయ్య "దాటేస్తున్నాను, తర్వాతి వాళ్లు" అన్నారు నవ్వుతూ.

అత్తయ్య దాటెయ్యలేదు.

పదహారేళ్లప్పుడు వేసవి సెలవులకి, వేరే దేశంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిందట. రెండు నెలలు. అక్క సైకిల్ వేసుకుని ఊరంతా తిరిగేదట. ఒకరోజు పంక్చరైతే వీధి చివర షాపుకి నడిపించుకుంటూ వెళ్లింది. అక్కడ తన వయసువాడే ఒకడు, మోచేతుల దాకా గ్రీజు, ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తుందా అని చెంప నీళ్లకి ఆనించి మరీ చూశాడట. వాడి భాష ఈమెకి రాదు. ఈమె భాష వాడికి రాదు.

"మళ్లీ ఆ వారంలోనే పంక్చరయింది," అంది అత్తయ్య.

"అదెలా?" అన్నాను.

"పిన్నీసుతో నేనే పొడిచాను."

నేను సోఫా మీద ఎగిరి గంతేశాను. మూడోసారీ అంతేనట. నాలుగోసారి వెళ్తే ఆ అబ్బాయి చక్రం కూడా విప్పలేదట. ఒకసారి ఆమె మొహంలోకి చూసి, తన జేబులోంచే ఒక పిన్నీసు తీసి ఆమె అరచేతిలో పెట్టాడట, నీది మొద్దుబారిపోయి ఉంటుంది, ఇది తీసుకో అన్నట్టు.

నేను చప్పట్లు కొట్టాను. మా ఆయన ఈల వేశాడు. మామయ్య నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నేను చూడలేదు. చూసేసరికి ఆయన కప్పు కింద పెట్టి, గొడుగు తీసుకుని, ఆదివారం మూసి ఉండే దుకాణానికి వెళ్లిపోతున్నారు.

ఇవాళ గురువారం.

"చప్పట్లు కూడా కొట్టావు," అన్నాడు మా ఆయన. తను బూట్ల లేసు కట్టుకుంటున్నాడు.

"నువ్వు ఈల వేశావు."

"నువ్వు కొట్టావని వేశాను."

"అంటే తప్పంతా నాదే?"

"నేను అలా అన్నానా?"

"అనలేదు. కానీ మూడు రోజులుగా నన్ను ముద్దుపేరుతో పిలవలేదు."

తను తలెత్తి చూశాడు. మామూలుగా నన్ను 'గలగల' అంటాడు, ఒక్క నిమిషం కూడా నోరు మూసుకోనని. "నాన్న రోజూ దుకాణంలో నాతో మాట్లాడే మాటలు లెక్కపెడితే పది ఉండవు," అన్నాడు. "నిన్న ఒకావిడకి దగ్గరి చూపు కళ్లజోడు చెయ్యాల్సింది దూరపు చూపుది చేశారు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. అమ్మ ఒక్కతే వెళ్తే, ఆయన ఇక్కడ ఒక్కరే ఉంటే, తిరిగొచ్చాక వీళ్లు మళ్లీ మామూలుగా ఉంటారని నాకు నమ్మకం లేదు. ఇద్దరిలో ఎవరూ ముందు దిగిరారు."

"నేను మాట్లాడనా మామయ్యతో?"

"వద్దు," అన్నాడు. వెంటనే అన్నాడు. "నువ్వు మాట్లాడినంత చాలు."

లేసు ముడి బిగించి వెళ్లిపోయాడు. పెళ్లయ్యాక తను వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగడం అదే మొదలు.

వంటగదిలో అత్తయ్య టీ వడకడుతోంది. కప్పు పక్కన.

కప్పులో కాదు, కప్పు పక్కన బల్ల మీద పోస్తోంది.

"అత్తయ్యా!"

"ఆఁ, చూశాను," అంది గుడ్డ అందుకుంటూ. గుడ్డ కూడా ఒక్కసారికి చేతికి దొరకలేదు.

"కళ్లు తిరుగుతున్నాయా?"

"నిద్ర లేదు, అంతే."

కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, బల్ల మీద పెట్టింది. కొత్తది. ప్రయాణానికని మామయ్య చేసిన గుండ్రటి ఫ్రేము. నేను ఊరికే చేతిలోకి తీసుకున్నాను. పెళ్లయిన రెండోవారంలో మా ఆయన దుకాణంలో నాకు ఒక తమాషా నేర్పాడు. దూరం కనపడనివాళ్ల కళ్లద్దాన్ని పేపరు మీద పట్టుకుంటే అక్షరాలు చిన్నవవుతాయి. పవరు ఎక్కువయ్యేకొద్దీ ఇంకా చిన్నవవుతాయి. ఆ రోజంతా దుకాణంలో ఉన్న కళ్లజోళ్లన్నీ పేపరు మీద పట్టుకుని చూసి, తనని పని చేసుకోనివ్వలేదు నేను.

అత్తయ్యకి కుడి కంటికి దూరపు చూపు బాగా తక్కువ. ఎడమ కన్ను దాదాపు మామూలే. అది ఇంట్లో అందరికీ తెలుసు.

పేపరు మీద పట్టి చూశాను. కుడి అద్దం కింద అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఎడమ అద్దం కింద చీమల్లా అయిపోయాయి.

"అత్తయ్యా, ఇవి ఇటుది అటు పెట్టేశారు!"

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మంగళవారం పెట్టుకున్న నిమిషం నుంచి."

"మరి మామయ్యకి చెప్పలేదేం?"

అత్తయ్య బల్ల తుడవడం ఆపలేదు. "కొత్త కళ్లజోడు ఎవరికిచ్చినా ఆయనేం చేస్తారో చూశావుగా? తన చేత్తోనే పెడతారు. చెవుల దగ్గర సరిచేస్తారు. రెండడుగులు వెనక్కి వేసి, 'ఎలా ఉంది?' అని అడుగుతారు. దారినపోయేవాళ్లనైనా అడుగుతారు. నా డబ్బా టీవీ పక్కన పెట్టేసి వెళ్లిపోయారు."

"అందుకని మూడు రోజులు తలనొప్పితో..."

"అడిగితే చెప్పేదాన్ని. ఆ సైకిల్ షాపు సంగతైనా అంతే. అడిగితే చెప్పేదాన్ని. ముప్పై నాలుగేళ్లుగా ఆయన నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ఇది బాగా కనిపిస్తోందా, ఇదా? ఇదా, ఇదా? నువ్వు వచ్చి రెండు నెలలు. ఒక వాన రోజు నువ్వు అడిగావు. నాకు ఎంత సంతోషం వేసిందో నీకు తెలీదు. ఆ సంతోషంలో ఎదురుగా ఎవరున్నారో మర్చిపోయాను."

నాకు ఏడుపొచ్చింది. వచ్చినా ఆపుకుని, కళ్లజోడు డబ్బాలో పెట్టి, చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?"

"కూరగాయలకి."

"కూరగాయలకి కళ్లజోడెందుకే?" అంది అత్తయ్య. కానీ ఆపలేదు.

దుకాణంలో మా ఆయన ఒక ముసలాయన ముక్కు మీద ఫ్రేములు మార్చి మార్చి పెడుతున్నాడు. నన్ను చూసి కళ్లతోనే 'వద్దు' అన్నాడు. నేను కూడా కళ్లతోనే 'తప్పదు' అని వెనక గదిలోకి వెళ్లాను.

మామయ్య దీపం కింద వంగి ఏదో చిన్న మర బిగిస్తున్నారు. ఎదురుగా డబ్బా తెరిచి పెట్టాను.

ఆయన కళ్లజోడు ఎత్తి దీపానికి అడ్డంగా పట్టుకుని, దూరం జరిపి, దగ్గరికి జరిపారు. అంతే. మెషిన్ అక్కర్లేకపోయింది.

"ఎన్ని రోజులు పెట్టుకుంది?"

"మూడు రోజులు, మామయ్యా."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "గుండ్రటి ఫ్రేము. ఇటుది అటు వేసినా పట్టేస్తుంది. అందుకే కుడి అద్దానికి ఎర్ర చుక్క పెట్టుకుంటాను," అన్నారు, నాకు పాఠం చెప్తున్నట్టు. "ఆ రోజు చుక్క పెట్టాను. పెట్టి కూడా..."

చిన్న స్క్రూడ్రైవర్ తీసుకున్నారు. మొదటి మర కింద పడితే నేనే వెతికి ఇచ్చాను.

"పడిపోలేదు కదా ఎక్కడా?"

"లేదు. తలుపులకి కొట్టుకుంటున్నారు. టీ బల్ల మీద పోస్తున్నారు."

"చెప్పొచ్చుగా నాకు?"

"మీరు అడగలేదుట." నోరు జారింది. జారాక ఇంక ఆగలేదు. "అసలెప్పుడూ ఏదీ అడగరుట, మామయ్యా. అందుకే ఆ అబ్బాయి సంగతి కూడా చెప్పలేదుట. పదహారేళ్ల పిల్లాడు! ఇప్పుడు తాతై ఉంటాడు. అతని మీద మీకు కోపమేంటి?"

"వాడి మీద నాకేం కోపం?" అన్నారు మామయ్య. ఆశ్చర్యంగా అన్నారు. "వాడెవడు? పదహారేళ్లప్పుడు అందరికీ ఎవరో ఒకరుంటారు."

"మరి?"

ఆయన అద్దం బిగించడం ఆపారు. ముందుగదిలో ముసలాయన "ఇందులో నేను దొంగలా ఉన్నానయ్యా" అంటున్నాడు. మా ఆయన ఏదో సర్దిచెప్తున్నాడు.

"అడగలేదంటోందా? ఒక్కటి అడిగాను. పెళ్లయిన వారానికి. నీకు సైకిల్ తొక్కడం వచ్చా అని అడిగాను. రాదని తలూపింది."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. 'సైకిల్ వేసుకుని ఊరంతా తిరిగేదాన్ని.' ఆదివారం అత్తయ్య అన్న మాట. నేను పంక్చర్ల కోసం తొందరపడి దాటేసిన మాట.

"నేర్పాను," అన్నారు మామయ్య. "స్కూలు వెనక రోడ్డు మీద. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు. ఇరవై ఒక్క రోజులు సీటు పట్టుకుని వెనకాలే పరుగెత్తాను. పట్టుకున్నారా, వదలకండి, పట్టుకున్నారా అని అరిచేది. ఇరవై రెండో రోజు వదిలేశాను. తెలీకుండా రోడ్డు చివరిదాకా తొక్కుకుంటూ వెళ్లి, వెనక్కి తిరిగి చూసి, నేను దూరంగా ఉన్నానని తెలిసి, ఎంత నవ్విందో! అలా నవ్వుతూనే నా దగ్గరికి తొక్కుకుంటూ వచ్చింది. నా దగ్గర అంతకంటే మంచి రోజు లేదమ్మా. నీకు ఇప్పుడు రోజూ అలాగే ఉంటుందిగా, తెలుస్తుంది నీకు."

తెలిసింది.

"ఆ నెలంతా నాటకం. తెలిసిన విద్యని తెలియనట్టు నటించింది. ఆ రోజు ఆ నవ్వు నన్ను చూసి నవ్విందా, ఇంకెవరినైనా తలుచుకుని నవ్విందా?" స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టారు. "ఇది ఎలా అడగను? ఏమని అడగను?"

"ఇలాగే అడగండి, మామయ్యా," అన్నాను. "నాకు చెప్పినట్టే."

పావుగంట తర్వాత, మధ్యాహ్నం పన్నెండున్నరకి, దుకాణం తలుపు మీది బోర్డు తిరగబడింది. దొంగలా లేని ఫ్రేము ఇంకా దొరకని ముసలాయన్ని రేపు రమ్మని బతిమాలి పంపేశాడు మా ఆయన. "ఏం చెప్పావే నువ్వు?" అని దారంతా గుసగుసగా అడిగాడు. మామయ్య మా ముందు, కళ్లజోడు డబ్బా రెండు చేతులతో పట్టుకుని, పరుగులాంటి నడక నడుస్తున్నారు.

అత్తయ్య కళ్లజోడు లేకుండా కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి లేచి నిలబడింది.

మామయ్య ఆమె మొహానికి కళ్లజోడు పెట్టారు. చెవుల దగ్గర సరిచేశారు. రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"తప్పు నాది."

"అవును," అంది అత్తయ్య.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంక చాలు, అయిపోయింది అనుకున్నాం ఇద్దరం. నేనైతే చొక్కాలు మళ్లీ పెట్టెలో సర్దడం కూడా మనసులో మొదలుపెట్టేశాను, నీలంది అన్నిటికంటే పైన.

"ఇంకొకటి అడగాలి," అన్నారు మామయ్య.

"అడగండి. కానీ ముందే చెప్తున్నాను, అడిగితే నిజమే చెప్తాను."

"సైకిల్ వచ్చి కూడా రాదని ఎందుకన్నావు? నెల రోజులు నన్ను ఎందుకు పరుగెత్తించావు?"

అత్తయ్య ఆయన్ని చూసింది. కొత్త అద్దాల్లోంచి, తేటగా, చాలాసేపు. ఆమె మొహంలో నేననుకున్న సిగ్గు లేదు, నవ్వు లేదు.

"ఇదా?" అంది. "నాలుగు రోజులుగా లోపల పెట్టుకుని తిరుగుతున్నది ఇదా?"

"జవాబు చెప్పు."

"నేను నటించలేదండీ. రాదన్నది అబద్ధం కాదు. అప్పటికి నాకు రాదు."

"పదహారేళ్లకే ఊరంతా తిరిగేదానివి!"

"తిరిగేదాన్ని. తర్వాత పోయింది. ఎక్కితే కాళ్లు వణికేవి. స్కూలు వెనక రోడ్డు మీద వదలకండని అరిచింది నిజంగా భయమేసే. నాకు మళ్లీ వచ్చేలా చేసింది మీరే. ఆ నవ్వు మీకే నవ్వాను."

మామయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఒక అడుగు ముందుకి వేశారు. ఆ అడుగు దగ్గరే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! కానీ ఆయన, ముప్పై నాలుగేళ్లకి ఒక్కసారి అడగడం మొదలుపెట్టిన మనిషి, ఇంకా ఆపలేదు.

"తర్వాత పోయిందంటే? ఎప్పుడు పోయింది?"

అత్తయ్య కుర్చీ వీపు పట్టుకుంది.

"మన పెళ్లికి పందొమ్మిది రోజుల ముందు."

"పెళ్లికి ముందు..." మామయ్య గుర్తుచేసుకుంటున్నారు. "అప్పుడు నువ్వు ఇక్కడ లేవు. మీ అక్క దగ్గరికి వెళ్లావు. పెళ్లి బట్టలకి."

"బట్టలు అక్క ఒక్కతే కొంది. నేను ఆ వీధి చివరికే వెళ్లాను."

మా ఆయన చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. నేను మెల్లగా తనని వంటగది వైపు లాగబోయాను.

"ఎక్కడికే?" అంది అత్తయ్య నా వైపు తిరక్కుండానే. "మొదలుపెట్టింది నువ్వే. ఉండి విను." అని మామయ్యకి కుర్చీ చూపించింది. "మీరు కూర్చోండి. ఇది నిలబడి వినేది కాదు."

మామయ్య కూర్చోలేదు.

"నిలబడే వింటాను," అన్నారు.